క్లీన్ చేసినావా, చేస్తావా

షిఫ్టు దిగేముందు మా కంపెనీలో రిజిస్టరు రాయాలి. ఆ రోజు ఏ మిషనుకు ఏం చేశామో రెండు మూడు ఇంగ్లీషు వాక్యాల్లో రాసి, సంతకం పెట్టి పోవాలి. హైవే పక్కన కార్లకు విడిభాగాలు చేసే కంపెనీ అది. ఇంటర్ తప్పి, పెళ్లయి, పదేళ్లు చేనిపని చేశాక అందులో చేరాను. మిషను పని రెండు వారాల్లో పట్టుబడింది. రిజిస్టరే పట్టుబడలేదు.

ఒకరోజు ఫిల్టరు విప్పి, కడిగి, మళ్లీ బిగించి, ‘ఐ క్లీన్ ద ఫిల్టర్’ అని రాసి బస్సెక్కాను. మర్నాడు పొద్దున పోయేసరికి ఇంజనీరు నా కోసమే నిలబడి ఉన్నాడు. తమిళాయన, తెలుగు వచ్చీ రాకుండా మాట్లాడతాడు. నేను రాసింది చదివి, ఫిల్టరు కడిగానో లేదో తేలక, తర్వాతి షిఫ్టువాళ్లు మిషను ఆపి మళ్లీ విప్పి చూశారట.

“ఏమ్మా, క్లీన్ చేసినావా, చేస్తావా? ఇది చూస్తే నాకు ఎట్ల తెలుస్తుంది?”

“చేసినా సార్.”

“అట్లనే రాయి మరి.”

కోపంగా ఏమీ అనలేదు. కానీ లైనులో అందరూ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా మామ, అంటే నా భర్త తండ్రి, వసారాలో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. నేనూ చేట ముందుకు లాక్కుని కూర్చున్నాను.

“ఏమమ్మా, మొగం అట్ల పెట్టుకున్యావు?”

జరిగింది చెప్పాను. ఒలిచే చెయ్యి ఆపి విన్నాడు. ఉన్నట్టుండి అందుకున్నాడు.

“క్లీన్, క్లీన్‌ఎడ్, క్లీన్‌ఎడ్. వాష్, వాష్‌ఎడ్, వాష్‌ఎడ్. చెక్, చెక్‌ఎడ్, చెక్‌ఎడ్.”

నోరు తెరుచుకుని చూశాను. ఇన్నేళ్లలో ఆయన నోట బోరు, మోటారు, స్టార్టరు తప్ప ఇంకో ఇంగ్లీషు ముక్క వినలేదు.

“యాడ నేర్చుకుంటివి మామా?”

“బళ్లో. మా అయ్యవారు దినామూ అప్పజెప్పించుకుంటాండె. యాడ ఏది వాడాల్నో మాత్రం నాకు తెల్దు.”

అట్లా మొదలైంది మా చదువు. కాయలు ఒలుస్తూ ఆయన ఒక మాట అప్పజెబుతాడు, నేను దాన్ని మా మాటలో పెట్టి చూస్తాను. క్లీన్ అంటే కడుగుతా. క్లీన్‌ఎడ్ అంటే కడిగినా. క్లీనింగ్ అంటే కడుగుతాండా.

“మరి విల్ క్లీన్?” అన్నాడు మామ.

“రేపు కడుగుతా.”

ఆయన ఆలోచనలో పడ్డాడు. “చూడు, దినామూ కడిగేదానికీ, రేపు కడిగేదానికీ మనకు ఒగటే మాట. వాళ్లకు రెండు. ఈ సంగతి మాకెవురూ చెప్పకపోయిరి.” నలభై ఏళ్లకు పైగా ఊరికే మోసుకు తిరిగిన మూటను ఇప్పుడే విప్పి చూసుకున్నట్టు ఉంది ఆయన ముఖం.

“ఇవన్నీ మన మాట వినేటివి. ఎడ్ తగిలిస్తే చాలు,” అన్నాడు మళ్లీ. “గో, కమ్ లాంటివి ఉండాయి సూడు, అవి వినవు. వాటికాడనే నేను టెన్తు తప్పింది. నువ్వు వాటి జోలికి పోవాకు.”

మర్నాడు రిజిస్టరు ముందు కూర్చుంటే నాకే ఆశ్చర్యమేసింది. ఆయిల్, చెక్, చేంజ్, టెస్ట్, టైటెన్. నేను రోజూ చేసే పనులన్నీ మాట వినేవే. ‘ఐ క్లీన్డ్ ద ఫిల్టర్. ఐ చేంజ్డ్ ద ఆయిల్’ అని రాసి, మామ చెప్పినట్టే ఎడ్‌లు ఒత్తి పలుకుతూ ఇంజనీరుకు చదివి వినిపించాను. ఆయన టిక్కు పెట్టి, “రాసింది కరెక్టు. చదివేటప్పుడు క్లీన్డ్ అనాలి. చెక్ట్ అనాలి. టెస్టెడ్‌లో అయితే ఎడ్ పలుకుతుంది,” అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మామకు నచ్చలేదు. “మా అయ్యవారు తప్పు చెప్తాడా?” అని చేట ఎత్తుకుని లోపలికి పోయాడు. రెండు రోజులు ఇంగ్లీషు ఊసే లేదు. మూడో రోజు నీళ్లు తేవడానికి పెరట్లోకి పోతే, ఆవు ముందర గడ్డి వేస్తూ తనలో తాను అనుకుంటున్నాడు: “చెక్ట్... చెక్ట్...” నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

తర్వాత ఒకరోజు మిషను కింద ఆయిలు కారడం నేనే పట్టుకున్నాను. ధైర్యంగా ‘ఐ ఫైండెడ్ లీకేజ్’ అని రాశాను. ఇంజనీరు నవ్వి, దానిమీద ‘ఫౌండ్’ అని దిద్ది, లీకేజి కనిపెట్టినందుకు మాత్రం అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇది చెప్పగానే మామ తొడ చరుచుకున్నాడు.

“అదే! ఆ ఫైండే నన్ను ముంచింది!”

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. “సరే, దాని సంగతీ చూద్దాం పా,” అన్నాడు. ఆ రోజు నుంచి మాట విననివాటిని కూడా దినానికి రెండు చొప్పున పట్టుకున్నాం. విత్తనాలు వేయడం అయిపోయినా మా చదువు ఆగలేదు.

ఈమధ్య తనకల్లు దిక్కు నుంచి ఒకామె మా లైనులో కొత్తగా చేరింది. షిఫ్టు దిగేటప్పుడు రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టి, “అక్కా, నువ్వే రాసియ్యక్కా,” అంది. పెన్ను ఆమె చేతికే ఇచ్చాను.

“ఏం చేసినావో తెలుగులో చెప్పు.”

“ట్రేలు కడిగినా.”

కడగడానికి వాష్ అని చెప్పి, కడిగినా అనాలంటే చివర ఏం తగిలించాలో చెప్పాను. నిదానంగా, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాసి, తల ఎత్తి చూసింది. సరిగ్గానే ఉంది.

“స్టోరు నుంచి గుడ్డలు తెచ్చినా. ఇదెట్ల రాయాలక్కా?”

బ్రింగ్ అన్నది తెలుసు. దాని వెనక ఏమొస్తుందో నాకూ తెలియదు. బయట బస్సు హారను కొడుతోంది.

“ఈపొద్దుకు ఆ జాగా వదిలెయ్. మా మామనడిగి రేపు చెప్తా,” అన్నాను. ఆమె అక్కడ చిన్న గీత గీసి సంతకం పెట్టింది. ఇద్దరం బస్సుకేసి పరిగెత్తాం.