గడ్డిలో మనిషి, మైకులో నేను

జీవితంలో నేను తుపాకీ ముట్టలేదు. అయినా ఒకే సాయంత్రం మా ఊరి కుర్రాళ్ళు నలుగురిని నిలువునా చంపించాను. కంగారు పడకండి, అందరూ క్షేమమే. నాతో మాట్లాడరు, అంతే.

నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో ఎడ్ల బండలాగుడు పందేలు అయిపోయాక, అదే షామియానా కింద సెల్‌ఫోన్ తుపాకుల ఆట పోటీ పెట్టారు. ఫైనల్లో ఒకవైపు శావల్యాపురం జట్టు, రెండోవైపు మా బామ్మర్ది శీను జట్టు. శీనుకిది చావుబతుకుల సమస్య. "కప్పు తెస్తే ఫోను ఉంచుకో. లేదంటే అమ్మేసి మిరపచేనికి మందు కొట్టే పంపు కొంటా" అని మా మామ తీర్పిచ్చేశాడు.

ఎడ్ల పందేలకు వ్యాఖ్యానం ఉన్నప్పుడు దీనికెందుకు ఉండకూడదని కమిటీవాళ్ళు మైకు నా చేతికిచ్చారు. గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు నమిలినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే మరి. శీను జట్టు ఫోనుల్లో జరిగేది జనం కోసం పెద్ద టీవీలో వేశారు. ఒకరి ఆట ఒకరికి కనపడకుండా ఆటగాళ్ళందరినీ టీవీ వెనక కూర్చోబెట్టారు. చక్కని ఏర్పాటు. నా నోటికి మాత్రం ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు.

"బావా, ఊరికే హుషారు చెయ్యి చాలు. కథ, లాజిక్కు అని ఎత్తమాకు" అని శీను ముందే బతిమాలాడు. కథకు కార్యకారణ సంబంధమే ప్రాణమని చదివినవాణ్ణి, ఎత్తకుండా ఎలా ఉంటాను?

"అయ్యలారా, ఈ ఆట జరిగే దీవిలో ఇన్ని ఇళ్ళున్నాయి, ఒక్క ఇంట్లో పొయ్యి లేదు. గదికో తుపాకీ ఉంది, కొడవలి లేదు. అసలు తగాదా ఏంది? మన పల్నాట గట్టు గొడవ లేకుండా కర్ర కూడా ఎత్తరే."

జనం ఈలలు వేశారు. అవి ఎండాకాలపు కల్లులా నా తలకెక్కాయి.

"ఇదిగో మన శీను జట్టులో రాజు. ఒంటినిండా తూటాలు. పచ్చమేడ మెట్ల కింద కూర్చుని సీసాడు మందు తాగితే గాయాలు మాయమంట."

ఢాం. రాజు పోయాడు.

"చూశారా కథాలోపం? మెట్ల కింద నక్కినవాడు అక్కడున్నాడని శత్రువుకెట్టా తెలిసింది? కారణం లేని కార్యం."

తర్వాత శీను జట్టువాళ్ళే ఇద్దరు ఒక స్నానాలగదిలో తలుపేసుకున్నారు. "మేడ పక్కనే, ఎర్ర తలుపు. కుళాయి లేని స్నానాలగది" అన్నాను. బాంబు పడింది. "మళ్ళీ అదే లోపం. ఇన్ని గదులుండగా సరిగ్గా ఆ గదే ఎట్టా దొరికింది? ఈ కథ రాసినోడికి బుద్ధుందా?"

"బావా, నోరు ముయ్యి" అని శీను కేకేశాడు. ఆట వేడిలో అన్నాడనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదివినప్పుడు పోలేదు, మైకు పట్టుకున్నాక పోయింది.

ఇక శీను ఒక్కడే మిగిలాడు. జనం టీవీ దగ్గరికి జరిగారు.

"వీపుకి ఇనప పెనం తగిలించుకుని గడ్డిలో బోర్లా పడుకున్నాడు. ఆ పెనం తూటాను ఆపుతదంట. మా ఇంట్లో పెనం అట్టునే సరిగ్గా ఆపదు."

టీవీ వెనక నుంచి శావల్యాపురం నాయకుడు అడిగాడు. "ఏ పక్క గడ్డి, అన్నా?"

"రోడ్డుకి ఎడమ పక్క, విరిగిన జీపు వెనక" అన్నాను. శ్రోత అడిగితే వివరించకపోవడం వ్యాఖ్యాతకు మర్యాద కాదు కదా.

టీవీ నల్లబడింది.

"ఇదే నేను మొదటినుంచీ చెప్పే లోపం..." అంటుండగా మా మామ లేచాడు.

"లోపం ఆటలో లేదల్లుడూ. పైకి చూడు."

చూశాను. నా మైకుకు తగిలించిన లౌడ్‌స్పీకర్ సరిగ్గా శావల్యాపురం కుర్రాళ్ళ నెత్తిమీదే వేలాడుతోంది.

బహుమతులప్పుడు వాళ్ళ నాయకుడు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. "మా జట్టులో అయిదో ఆటగాడండీ. చానా కష్టపడ్డాడు" అన్నాడు. కప్పు వాళ్ళకు, పంపు మామకు, శాలువా నాకు. శీనుకు మాత్రం ఏమీ మిగల్లేదు.

కాబట్టి నేను చదివిన సమస్త గ్రంథాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆటలోనైనా చచ్చినవాడు లేచి టీ తాగినా 'ఎట్టా' అని అడగను. 'ఎక్కడ' అని ఎవరడిగినా చెప్పను.