ఇన్‌స్పెక్షన్ రోజు ఎం.టెక్

బాలమణికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ధరూర్ మండలంలో పత్తి చేల మధ్య పెరిగింది. తూకంలో దగా చేసిన వ్యాపారి మీదికి తండ్రి చెన్నయ్య కంటే ముందు తనే లేచింది, అప్పటికింకా బడి పిల్ల. "ఈ నోరే నిన్ను ముంచుతది బిడ్డా" అని చెన్నయ్య ఆ రోజు నుంచీ అంటూనే ఉన్నాడు. కంప్యూటర్ల బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసై, ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ అయ్యాక కూడా అనడం మానలేదు.

ఆ కాలేజీ గద్వాలకూ వనపర్తికీ మధ్య ఎక్కడో ఉండేది. పేరెందుకులెండి, అలాంటివి అప్పట్లో వానకు పుట్టగొడుగుల్లా లేచాయి. చైర్మన్ అంతకు ముందు రోడ్ల కాంట్రాక్టరు. ఉద్యోగంలో చేరిన రోజే లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ "చూసి ఇస్తాం" అని తీసుకుని తన గదిలోని ఇనుప బీరువాలో పెట్టేవాడు. చూడటం ఎప్పటికీ అయ్యేది కాదు. మనిషి పారిపోకుండా కాళ్లు కట్టేయడానికి అంతకంటే చవకైన తాడు లేదు. అందరూ ఇచ్చారని బాలమణీ ఇచ్చింది. అంత నోరున్న మనిషి ఆ ఒక్క రోజు నోరు మెదపకపోవడం తలచుకుంటే ఆమెకు తన మీదే ఒళ్లు మండేది.

2007లో గేట్ రాసింది. మంచి స్కోరు వచ్చింది. హైదరాబాదులో ఎం.టెక్ సీటుకు కౌన్సెలింగ్ పిలుపూ వచ్చింది. బీటెక్ మార్కులు సరిపోయాయి, స్కోరు సరిపోయింది. ఇక కావలసింది ఒరిజినల్సే. జిరాక్సులు చెల్లవు, ఆ రోజు చూపించకపోతే సీటు పక్కవాళ్లకు పోతుంది.

వెళ్లి చైర్మన్‌ని అడిగింది.

"నువ్వు పోతే పిల్లలకు ఎవరు చెప్తరమ్మా? ఇయ్య."

"గవి నా సర్టిఫికెట్లు సార్."

"నీవే. కాదన్ననా? కానీ నా బీరువాల ఉన్నయ్" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి బల్ల మీది పేపర్ వెయిట్ అందుకోవాలనిపించింది బాలమణికి. అందుకోలేదు.

ఇంతలో యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చింది, అదీ సరిగ్గా కౌన్సెలింగ్‌కు ముందు రోజు. ఎం.టెక్ చదివిన లెక్చరర్లు ఇంతమంది ఉండాలని రూలు. కాలేజీలో అంతమంది లేరు. చైర్మన్ మళ్లీ పిలిచి, కొత్త ఐడీ కార్డు చేతిలో పెట్టాడు. బాలమణి ఫొటో, కింద ఎం.టెక్ అని అచ్చు.

"వైవా అయిపోయింది, పట్టా రావాలె అని చెప్పు. చాలు. ఇన్‌స్పెక్షన్ కాంగనే నీ కాగితాలు ఇచ్చేస్త."

ఎం.టెక్ చదవడానికి పంపనివాడు ఎం.టెక్ చేసిపెట్టాడు! నిరుడు తోటి లెక్చరర్ జహీరున్నీసాకూ ఇలాగే మాటిచ్చాడు. ఆమె ఇంకా పక్క గదిలో పాఠం చెబుతూనే ఉంది. బాలమణి కార్డు మెళ్లో వేసుకుంది.

ఇన్‌స్పెక్షన్ రోజు బీరువా తెరుచుకుంది. కమిటీకి ఒరిజినల్సే చూపించాలి మరి. ఆఫీసు సూపరింటెండెంట్ మహిపాల్ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ఫైలు ఇస్తున్నాడు, బయటికి రాగానే లాక్కుంటున్నాడు. "చూపెట్టి మళ్ల నాకే ఇయ్యాలె మేడం" అన్నాడు బాలమణితో. ముందు వెళ్లొచ్చిన జహీరున్నీసా అప్పటికే తన ఫైలు అతని చేతిలో పెట్టేసింది. బాలమణికి ఆమె మీద కూడా కోపం వచ్చింది.

లోపల కమిటీ తరఫున ముసలి ప్రొఫెసర్ ఒకాయన, ముందు జీడిపప్పు ప్లేటు, పక్కన చేతులు కట్టుకుని చైర్మన్.

"ఎం.టెక్ ఎప్పుడైంది?"

"వైవా గూడ అయిపోయింది సార్, పట్టా రావాలె" అని చైర్మనే అందుకున్నాడు.

"ఆమెను చెప్పనివ్వండి. రెండో ఏడాదంతా ప్రాజెక్టే కదమ్మా. దేని మీద చేశావు? గైడ్ ఎవరు? వైవాకు బయటి నుంచి ఎవరొచ్చారు?"

రోడ్డుకు కంకర ఎంతో అడిగితే చైర్మన్ చెప్పగలడు. ఇది ఆయనకు తెలియదు. బాలమణి వైపు గుడ్లురిమి చూశాడు. ఉద్యోగం పోతుంది, ఇంటికి వెళితే చెన్నయ్య పాత మాటే అంటాడు. భయపడింది. భయపడుతూనే చెప్పింది.

"నేనింకా ఎం.టెక్‌ల చేరనే లేదు సార్. రేపు కౌన్సెలింగ్. చేరాలంటే గీ ఒరిజినల్సే కావాలె. వీళ్లు ఇస్తలేరు."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి చైర్మన్‌ను చూశాడు.

"భద్రం కోసం సార్..."

"ఇవి నీవి, తీసుకో" అని ప్రొఫెసర్ ఫైలు ఆమె ముందుకు తోశాడు. జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. ఆయనేదో మహానుభావుడని అనుకునేరు. ఆ చేత్తోనే జీడిపప్పు తీసుకుని, "తర్వాత ఎవరు?" అన్నాడు.

తలుపు దగ్గర మహిపాల్ అలవాటుగా చెయ్యి చాపాడు. వెనకే చైర్మన్ వచ్చాడు.

"ఈ జిల్లాల నీకు నౌకరి ఎవడిస్తడో చూస్త!"

బాలమణి మెడలోని కార్డు తీసి, చాచి ఉన్న మహిపాల్ చేతిలో పెట్టింది.

"గీ ఎం.టెక్ మీరు చేసింది సార్, మీరే ఉంచుకోండ్రి. నాది నేను చదువుకుంట."

గేటు దాటేదాకా వెనక తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె కూడా తక్కువేమీ తిట్టలేదు, కాకపోతే లోలోపల.

మర్నాడు హైదరాబాదులో గుమాస్తా ఆమె ఫైలు తీసుకున్నాడు.

"చూసి ఇస్తామమ్మా, వెళ్లి కూర్చో."

బాలమణి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడనే నిలబడ్త సార్. మీరు చూడుండ్రి."