ఖాళీ మిల్లు పొగ, ఖాళీ బ్లాకు దీపాలు

మా ముత్తాతగారు పెదపాడు దగ్గర ఒక ఊరికి మునసబు. తాతగారు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు కట్టించారు. నాన్నగారు వస్తే మిల్లర్ల సంఘంలో అందరూ లేచి నిలబడేవారు. వడ్లు రావడం మానేశాక కూడా ఆయన రోజూ పొద్దున్నే బాయిలర్లో ఊక వేయించి, గొట్టంలోంచి పొగ రావడం చూశాకే కాఫీ తాగేవారు. "చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అనేవారు.

నేను వట్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ ఇన్‌చార్జిని. నాన్నగారు పోయాక మిల్లు నా పేరనే ఉండేది. ఆడేది కాదు. గేటు దీపాలు మాత్రం వెలిగిస్తూ వచ్చాను. అమ్మేద్దామని అక్కయ్య అన్నప్పుడల్లా మాట మార్చేవాణ్ణి.

మా విభాగంలో ఒక లెక్చరరమ్మ ఉంది. పుట్టింటివారికి కొల్లేరు పక్కన చేపల చెరువులు. వేసవి సెలవుల్లో తన పరిశోధన కాలేజీ నెట్‌వర్క్ మీద నడపడానికి అనుమతి అడిగింది. కంప్యూటర్లని కలిపే మా స్విచ్‌లన్నిటినీ ఒకచోటి నుంచి కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేరే నడుపుతుంది.

"ఎండాకాలం కొల్లేరు తగ్గితే చేపలన్నీ లోతున్న చోటికి చేరతాయి కదండీ. మరీ ఇరుకైతే కొన్ని పక్కకి జరుగుతాయి. డేటా ట్రాఫిక్‌ని కూడా అలాగే కొన్ని దారుల్లోకి సర్దేసి, మిగతా స్విచ్‌లని నిద్రపుచ్చుతామండీ. బోలెడు కరెంటు మిగులుతుంది."

"ఏది నిద్రపోవాలో ఎవరు చెబుతారమ్మా?"

"చేపకి ఎవరు చెబుతారండీ? లెక్క అలా తేలుతుంది. కంట్రోలర్ అమలు చేస్తుంది."

నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఏది ఆపాలన్నా ఒక మనిషి నోరు విప్పాలి. అయినా సరేనన్నాను.

మర్నాడు పాత బ్లాకులో స్విచ్‌ల గది తలుపు తీస్తే వాటి మీద ఒక్క దీపం వెలగడం లేదు. ఆవిడకి ఫోన్ చేశాను.

"ఈ బ్లాకు వెలగాలమ్మా. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆ గది తాళంచెవి మీ దగ్గరే ఉంది కదండీ. చూసేది మీరొక్కరే." నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "వెలిగిస్తే నా ఫలితం పాడైపోతుంది సార్. కాలేజీ తెరిస్తే మళ్ళీ ఏడాది ఆగాలి. పిల్లలొస్తే అదే లేస్తుందండీ, చచ్చిపోలేదు."

చచ్చిపోలేదు. మరి మా మిల్లు? నిద్రపోయిందా, పోయిందా? నీళ్ళొస్తే చేపలు తిరిగొస్తాయి. వడ్లు వస్తాయా?

"అలాగే ఉంచండి" అన్నాను. ఏ దీపాల గురించి అన్నానో నాకే తెలియలేదు. సాయంత్రం తాడేపల్లిగూడెం వెళ్ళి మిల్లు గేటు దీపాలు ఆర్పాను. రోడ్డు మీద ఎవరూ ఆగి చూడలేదు.

దసరా ముందు మిల్లు అమ్మేశాం. స్థలం జంగారెడ్డిగూడెం పామాయిల్ వ్యాపారి కొన్నాడు. బాయిలరూ, పొగగొట్టం పాత ఇనుము కింద తూకానికి వెళ్ళాయి.