టిక్కీ పట్టని గుమ్మం

ఒరే పిల్లలూ, మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పూణేలో మీ ఫ్లాటులో హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీయించేస్తున్నారట. ఏ గోడ ఉండాలో, ఏది పోవాలో మీరిద్దరూ సుద్దముక్కతో గీతలు కూడా గీశారట. మంచిది. ఆ సుద్దముక్క పది నిమిషాలు పక్కన పెట్టి నా మాట వినండి. ఇంట్లో గోడ జోలికి వెళ్ళి నేను వెలగబెట్టిన ఘనకార్యం వల్ల ఒక పూటంతా మా వీధి వీధే ఏడ్చింది. చావుకి కాదు. చావుకైతే బంధువులే ఏడుస్తారు. ఆ రోజు మాతో మాటల్లేనివాళ్ళు కూడా ముక్కులు చీదుకుంటూ ఏడ్చారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళెవరూ కోపంలో గోడ కట్టి చూడలేదు కాబట్టి అంతటితో ఆగారు.

నా గొంతు సంగతి మీకు తెలుసు. "అమ్మమ్మా, గట్టిగా మాట్లాడు" అని మీరే విసుక్కుంటారు. చిన్నప్పట్నుంచీ అంతే. గొంతు లేదు కాబట్టి నాకు కోపం కూడా లేదని ఊరంతా అనుకునేది. ఎందుకు లేదురా! పొయ్యి మీద పాలలా పొంగేది కాదు, అంతే. ఊక కుంపటిలా లోపల్లోపలే కాలేది. ఊక కుంపట్లో వేలు పెట్టినవాడికి తెలుస్తుంది దాని సంగతి.

తొంభైల చివర్లో మాట. మీ అమ్మ అప్పుడు ఇంటర్ రెండో ఏడు. చిలకలూరిపేట దగ్గర మన ఊళ్ళో ఆ ఏడు మిరప విరగకాసింది. కల్లంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరించి, గోతాల్లో తొక్కించి, ఆ టిక్కీలన్నీ మీ తాతయ్య తెచ్చి మా హాల్లో పేర్పించారు. టిక్కీ అంటే మీకేం తెలుసు! ఎండుమిరపకాయల్ని కాళ్ళతో తొక్కి తొక్కి నింపి, నోరు కుట్టేసిన గోతం. నిలబెడితే నా భుజందాకా వచ్చేది. కావలించుకుంటే రెండు చేతులూ కలిసేవి కావు. బాగా మేపిన దున్నపోతు దూడ అనుకోండి. అలాంటివి నలభై!

మా హాలు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధివైపు రెండు రెక్కల పెద్ద తలుపు. అవతలి కొసకి తలుపు లేదు, ఇనప ఊచల కిటికీ ఒకటి. ఆ కొసనుంచి సగం హాలు దాకా టిక్కీలే. మిగతా సగంలో మేము. కాఫీలో ఘాటు, మజ్జిగలో ఘాటు. ఒకాయన చుట్టపుచూపుగా వచ్చి, కుర్చీ లేదని టిక్కీ మీద కూర్చున్నాడు. లేచి వెళ్ళాక మళ్ళీ ఈ జన్మలో మా గడప తొక్కలేదు.

నన్ను రగిలించింది మాత్రం అది కాదు. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. మీ అమ్మ ఫిజిక్సు పుస్తకం తెరవడం, తుమ్మడం. పేజీ తిప్పడం, తుమ్మడం. కళ్ళు నులుముకుంటే ఆ మంట ఇంకో గంట.

"ఏవండీ, పిల్ల చదువు సాగట్లేదు. వీటిని కల్లంలో ఉంచొచ్చుగా?" అన్నాను.

"ఏంటీ?"

"కల్లంలో ఉంచొచ్చుగా అంటున్నాను."

"కల్లంలో పెడితే దొంగలొస్తారే. నీ గొంతుకి జడిసి పారిపోతారా?"

వెనకనుంచి మా అత్తగారు అందుకున్నారు. "లక్ష్మి నట్టింట్లో కూర్చుంటే ముక్కు మూసుకుంటావేందే అమ్మాయ్!" ఆవిడ ఆ మాటన్నది పమిటచెంగుతో ముక్కు మూసుకునే.

"పోనీ, మధ్యలో ఓ గోడ కట్టించండి. టిక్కీలు అటు, మనం ఇటు" అన్నాను.

మీ తాతయ్య నవ్వారు. అదిగో, ఆ నవ్వురా నన్ను తగలబెట్టింది. "హాలు నడిమధ్యలో గోడా? పొద్దున్నే లేచి నా టిక్కీల దగ్గరికి నేను దర్జాగా నడిచి వెళ్ళొద్దా? నీ గోడ చుట్టూ తిరిగి, వంగి దూరి వెళ్ళాలా? ఈ వీపు ఎవరికీ వంగలేదు."

ఆ మర్నాడే కనిగిరిలో మేనల్లుడి పెళ్ళి ఉందని బయల్దేరారు. అటునుంచి గుంటూరు వెళ్ళి, టిక్కీలకి కోల్డ్ స్టోరేజీలో చోటు కూడా చూసుకుని నాలుగు రోజుల్లో వస్తానన్నారు. ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో, నేను కోటయ్య మేస్త్రీకి కబురు పెట్టాను.

కోటయ్య హాలంతా చూసి తల గోక్కున్నాడు. "అయ్యగారు లేకుండానా అమ్మగారూ?"

"నేను ఉన్నానుగా."

"ఆయనొచ్చి నన్ను తిడితే?"

"నన్ను తిడతారు. నువ్వు ఇటుకలు తెప్పించు."

"మరి గుమ్మం? మూడడుగులది పేటలో చేయించుకొస్తా, వారం పడుద్ది."

వారం ఎక్కడిది? అటక మీద పాత ఇంటి పూజగది ద్వారబంధం ఒకటి పడి ఉంది. మంచి టేకు. దేవుడి దగ్గరికి తల వంచి వెళ్ళాలని పొట్టిగా, సన్నగా చేయించారు మా మామగారి కాలంలో. అది చూడగానే నాకు పుట్టిన ఆనందం మీకు చెప్పలేను. ఎవరికీ వంగని వీపన్నారుగా!

"ఇదే పెట్టు" అన్నాను.

కోటయ్య టేపు పట్టాడు. "అడ్డం రెండడుగులే ఉందండీ. ఎత్తు కూడా లేదు. అయ్యగారు ఆరడుగుల మనిషి..."

"అందుకే."

"ఆయన వంగాలండీ."

"అందుకే అంటున్నాను."

నలభై టిక్కీలు కళ్ళెదురుగా పెట్టుకుని, ఇద్దరమూ మీ తాతయ్య ఎత్తు గురించే మాట్లాడుకున్నాం చూడండి. కోపమొస్తే కళ్ళు మూసుకుపోతాయంటారు. మూసుకుపోవురా. తెరుచుకునే ఉంటాయి, ఒక్క మనిషి మీదే ఉంటాయి.

గోడ వద్దని మొదట గొడవపెట్టిన అత్తగారు, ద్వారబంధం కిందికి దింపేసరికి మెత్తబడిపోయారు. వాళ్ళాయన చేయించింది కదా! "గుమ్మం నిలబెట్టేది ఊరికేనా?" అని పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించారు. గడపకి పసుపు రాశారు, కుంకం పెట్టారు, పైన నవధాన్యాలు మూట కట్టారు, మామిడాకుల కోసం ఇంత పొడుగు మేకు ఒకటి దిగగొట్టించారు. మూడో రోజుకి గోడ శ్లాబుని తాకింది. నాలుగో రోజుకి ప్లాస్టరింగు అయిపోయి, పిడుగురాళ్ళ సున్నం రెండు పూతలు పడింది. ఆ సాయంత్రం మీ అమ్మ నలభై పేజీలు చదివింది, ఒక్క తుమ్ము లేకుండా. నేను కాలు మీద కాలేసుకుని ఘాటు లేని కాఫీ తాగాను.

మర్నాడు పొద్దున్నే వీధిలో లారీ ఆగింది.

"కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికిందే!" అంటూ మీ తాతయ్య దిగారు. వెనకాల మస్తాన్ అనే హమాలీ, వాడి మనుషులు ముగ్గురు. "సాయంత్రం ఆరింటికి గేటు మూసేస్తారంట. ఆలోపు చేరకపోతే మన చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఇంకెక్కడా ఖాళీ లేదు. ఈ ఎండలకి కాయ ఇక్కడే ఉంటే ఎరుపంతా దిగి వెలిసిపోద్ది. ఏడాది కష్టం... ఇదేంది?"

"గోడ" అన్నాను.

"ఏంటీ?"

"గోడండీ. వంగండి."

ఆయన వంగలేదు. ఠంగుమంది. ఆ ఒక్క చప్పుడుతో నా కోపం సగం చల్లారింది. మిగతా సగం చల్లారేలోపు మస్తాన్ ఇద్దర్ని తీసుకుని లోపలికి దూరి, మొదటి టిక్కీని గుమ్మం దాకా దొర్లించుకొచ్చాడు.

"అమ్మా, ఇందులోంచా?"

"ఇందులోంచే."

"టిక్కీనా, నేనా?"

అప్పుడు తెలిసిందిరా నాకు. టిక్కీ వైపు చూశాను, గుమ్మం వైపు చూశాను. మీ తాతయ్య కూడా అలాగే అటూ ఇటూ చూసి, నుదుటి మీద బొప్పి తడుముకుని, "తొయ్యండ్రా!" అని అరిచారు. లోపలనుంచి ముగ్గురు తోశారు, ఇవతలనుంచి ఒకడు కొక్కెం వేసి లాగాడు. టిక్కీ సగం వచ్చి, సీసాకి బిరడా బిగిసినట్టు బిగుసుకుంది. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటారు. మాకు ఏనుగే చిక్కింది. తోక కూడా లోపలే ఉంది.

"మస్తానన్నా, మనం బయటికెట్టా పోవాల?" లోపల ఒకడు ఏడుపుగొంతుతో అడిగాడు.

"నీ మొహం, ముందు కాయ పోవాల!"

"ఇంకొక్క తోపు!" అన్నారు మీ తాతయ్య. తోశారు. మామిడాకుల మేకు గోతాన్ని ఈ చివరనుంచి ఆ చివరిదాకా చీరేసింది.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. వినపడింది. మా ఇల్లు తుమ్మింది, ఎదురిల్లు తుమ్మింది, లారీ డ్రైవరు తుమ్మితే హారను దానంతటదే మోగింది. పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు క్యాన్లు వదిలేసి పరిగెత్తారు. సరిహద్దు తగాదాతో నాలుగేళ్ళుగా మాతో మాటల్లేని పక్కింటావిడ ప్రహరీ మీదనుంచి తల పెట్టి, "ఏందమ్మా, మమ్మల్ని బతకనియ్యరా?" అంది. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"టిక్కీలు విప్పి బుట్టలతో మోద్దాం అయ్యా" అన్నాడు మస్తాన్, చీలిన టిక్కీ మీదనుంచి పాక్కుంటూ వచ్చి.

"విప్పితే కాయంతా నలిగి కారప్పొడి అవుద్ది. అదీగాక రెండు రోజులు పడుద్ది." మీ తాతయ్య కళ్ళు టిక్కీల్లాగే ఎర్రగా ఉన్నాయి. "కోటయ్యని పిలవండ్రా!"

కోటయ్య వచ్చాడు. "ఈ సూదిబెజ్జం గుమ్మం ఎవడు పెట్టమన్నాడ్రా నిన్ను?" అన్నారు మీ తాతయ్య.

కోటయ్యకి నిజం చెప్పే జబ్బు ఉంది. "అమ్మగారేనండీ. నేను మూడడుగులది పెడదామన్నా. మీరు వంగాలి, ఇదే పెట్టమన్నారు."

మీ తాతయ్య నా వైపు తిరిగారు. "నేను వంగాలన్నావా?"

"అన్నాను."

"ఏంటీ?"

"అన్నాను!" ఆ అరుపు నాదేనని నాకే నమ్మకం కలగలేదు. కారం గొంతులో పడితే అలా వస్తుంది కాబోలు. "పిల్ల చదువు పోతుంటే నవ్వారు. అందుకే అన్నాను!"

ఆయన నోరు తెరిచారు. తుమ్ము వచ్చింది. మూశారు. కోటయ్యతో, "ఆ గుమ్మం పీకెయ్" అన్నారు.

మా అత్తగారు వచ్చి గడప ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. "ఏరా, పసుపు రాసి, నవధాన్యాలు కట్టి నిలబెట్టిన గుమ్మం పీకుతావా? ఇంటికి అరిష్టం. ముందు నన్ను పీకు, తర్వాత దాన్ని పీకుదువుగాని."

"మరి టిక్కీలెట్టా పోవాలే అమ్మా?"

"గోడ పగలగొట్టుకో. గోడకి నేను పసుపు రాయలా."

బయట లారీవాడు, "అయ్యా, పొద్దెక్కుతోంది" అని కేక. ఇంకెవరు ముందడుగు వేస్తారు? నేనే గునపం అందుకున్నాను. మొదటి పోటు నాదే. ఎవరి మీద కోపమో అడక్కండి. ఆయన మీద, కోటయ్య మీద, ఆ మేకు మీద, అందరికంటే ఎక్కువ నా మీద. సున్నం తడి కూడా ఆరని గోడ, అప్పడంలా విరిగింది. ఈ పక్క పొడిస్తే ఆ పక్క కూడా దిగిపోయింది. మూడు రోజులు లేచిన గోడ గంటలో నేలమట్టం.

మధ్యాహ్నానికి ముప్పైతొమ్మిది టిక్కీలు లారీ ఎక్కాయి. గేటు మూసేలోపే చేరాయి, కాయ రంగు దక్కింది. చీలిన టిక్కీ కాయలు ఊడ్చి, ఎత్తి, దంచి, రెండేళ్ళు తిన్నాం, చుట్టాలందరికీ పంచాం. ఖాళీ అయిన హాల్లో మీ అమ్మ హాయిగా చాప వేసుకుని చదువుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడేరా. ఇంకొక్క నాలుగు రోజులు ఓపిక పట్టి ఉంటే, గోడా అక్కర్లేదు, గునపమూ అక్కర్లేదు.

ఇక మిగిలింది గుమ్మం. అటు జానెడు ఇటుక, ఇటు జానెడు ఇటుక, హాలు నడిమధ్యలో పసుపు రాసుకుని ఒంటరిగా నిలబడి ఉంది. పీకడానికి వీల్లేదు. పక్కనుంచి వెళ్దామంటే, "గడప ఉండగా దొంగల్లా పక్కనుంచి దూరతారేందిరా!" అని అత్తగారు. అటూ ఇటూ ఎద్దుబండి పట్టేంత చోటు. మేమందరం మాత్రం వరసలో నిలబడి, ఒక్కొక్కళ్ళమే వంగి, లేని గోడలోంచి వెళ్ళేవాళ్ళం. మీ తాతయ్య రోజుకి ఇరవైసార్లు వంగేవారు. నాకు సంతోషంగా ఉండాలి కదా? ఆయన వెనకే నేనూ వంగాలిగా!

మరి కొన్నేళ్ళకి మీ అమ్మ పెళ్ళిచూపులకి మీ నాన్న వచ్చాడు. హాల్లో అడుగుపెట్టి, గుమ్మం వైపు చూశాడు. దాని కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు. ఒక్క మాట అడక్కుండా తల వంచుకుని అందులోంచే వచ్చి కూర్చున్నాడు. "పిల్లాడు అణకువ గలవాడే" అని మీ తాతయ్య అక్కడికక్కడే ఖాయం చేసేశారు.

అందుకని, పసుపు గడప ముట్టుకుని నేను వేసుకున్న ఒట్టు మీకూ చెబుతున్నాను. నాకు కోపమొస్తే అలుగుతాను, పస్తుంటాను, కూరలో ఉప్పు మానేస్తాను. ఈ ప్రాణం ఉండగా మేస్త్రీని మాత్రం పిలవను. కర్మ కాలి పిలిచానే అనుకోండి, ముందు టిక్కీని నిలబెట్టి, దాని చుట్టూ గుమ్మం కట్టమంటాను.