జనార్దనరావు బొంతలో పనసచెట్టు

జనార్దనరావు మీసం ఉద్దానంలో నాలుగూళ్ళకి తెలుసు. ఒకప్పుడు పంచాయతీ మెంబరుగా చేశాడు. తగువు తీర్చడానికి అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుంటే చాలు, సగం మంది అప్పటికప్పుడే రాజీకి వచ్చేసేవారు. అలాంటి మనిషి మధ్యాహ్నం భోజనం కాగానే వీధి తలుపు గడియ పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, హాల్లో బాసింపట్టు వేసుకుని బొంత కుట్టుకుంటాడని చెబితే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. ఆయన ధైర్యమూ అదే.

ఆ సంగతి భార్య సత్యవేణికి మాత్రమే తెలుసు. ఆవిడకీ సూదికీ పుట్టుకతోనే పడదు. జాకెట్టు హుక్కు ఊడితే పిన్నీసు, చీర ఫాలు ఊడితే పిన్నీసు. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి మొగుడి చొక్కాకి బొత్తాం కుట్టబోయి, చొక్కాతో పాటు తన పైటకొంగు కూడా కలిపి కుట్టేసింది. అది విడదీసుకునేసరికి తెల్లారి కాసిన టీ చల్లారిపోయింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సూదిపని జనార్దనరావుదే.

ఆయనకి ఆ పని రావడం వింతేమీ కాదు. చిన్నప్పటి నుంచీ జీడిపిక్కల బస్తాల మూతులు దబ్బనంతో కుట్టిన చెయ్యి అది. బస్తాల దగ్గరే ఆగిపోవలసిన ఆ చెయ్యిని బొంతల దాకా లాక్కొచ్చింది తిత్లీ తుపాను. కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకొరిగాయి. తోట లేని రైతుకి పగలు మరీ పొడుగైపోతుంది. పొద్దున్నే లేచి తోటకి బయలుదేరేవాడు, వీధి మలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. పెంకులు ఎగిరిపోయిన ఇంట్లో తడిసి చిరిగిన పాత బొంత ఒకటి కనిపిస్తే, ఊరికే కూర్చోలేక దానికి అతుకు వేశాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

బొంతలు రెండు మూడు అయ్యాక ఆయనకి ఒక బుద్ధి పుట్టింది. పాత పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన తన తోటనే కుట్టడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎక్కడుండేదో అక్కడే. సత్యవేణి పచ్చ చీరలు ఆకులయ్యాయి, ముక్కుపొడుం రంగు చీర మొదళ్ళయింది. ఇంకా కట్టుకుంటున్న చీర ఒకటి కూడా కొబ్బరిమట్టలై కనిపించిన రోజున ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు.

దారాల కోసం కాశీబుగ్గలో మాధవీలత దుకాణానికి వెళ్ళేవాడు. సూదులు, రింగులు, లేసులు, రంగుదారాలు అమ్మే దుకాణం అది. అడగకముందే "మా ఆవిడకమ్మా" అనేవాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఇది కొబ్బరాకు పచ్చ కాదమ్మా. ఇది జీడాకు పచ్చ. మా ఆవిడ ఒప్పుకోదు," అని ఉండలు తిరగేసి వెతికించేవాడు. వినగా వినగా మాధవీలతకి ఆ కనిపించని ఇల్లాలి మీద భక్తి కుదిరిపోయింది.

సరదాకి కుట్లూ అల్లికలూ చేసుకునే పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఆడవాళ్ళంతా కలిసి కాశీబుగ్గ కల్యాణమండపంలో ప్రదర్శన పెట్టుకున్నారు. ఆ పిలుపు పట్టుకుని మాధవీలత ఒక మధ్యాహ్నం ఆటో దిగింది. గడియ పెట్టడం మరిచిన రోజే దిగింది. హాలు నిండా బొంత, మధ్యలో జనార్దనరావు, వేలికి ఇత్తడి తొడుగు.

"మా ఆవిడది. మడత పెడతన్నాను," అన్నాడు.

సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మాధవీలత బొంతని చూసి మురిసి, ప్రదర్శనకి మాట తీసుకుని వెళ్ళిపోయాక మొగుణ్ణి మెల్లగా అడిగింది.

"నాను సూది పడితే ఏటవుద్దో మీకెరికే కద?"

"నువ్వేటీ సెయ్యక్కర్నేదు. బొంత పక్కన నిలబడు. ఎవులేటడిగినా నవ్వు."

"నిజం సెప్పీయొచ్చు కదండీ."

"సెప్పీస్తే మీ అన్నియ్య నన్ను బతకనిత్తాడేటి?"

ఆ అన్నయ్య కృష్ణారావు. ఆయన చెవిన పడ్డ మాట టీకొట్టు దాటి, బస్సెక్కి టెక్కలి దాకా వెళ్తుంది. పైగా పాత తగువు ఒకటుంది. వాళ్ళ తండ్రి సత్యవేణికి పసుపుకుంకుమ కింద తన తోటలో ఒక వైపు రాసిచ్చి, రెండో వైపు కొడుక్కి ఉంచి, మధ్యన గట్టు వేయించాడు. సరిగ్గా ఆ గట్టు మీద పనసచెట్టు. అది మాదంటే మాదని బావలిద్దరూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. తుపానుకి చెట్టు పోయినా తగువు మాత్రం పోలేదు. ఊళ్ళో అందరి తగువులూ తీర్చిన జనార్దనరావు ఇది తీర్చుకోలేక, బొంత మీద గట్టుని ఒకే దారంతో కుట్టి, పనసని దానికి వేలెడు ఇవతలికి, తన వైపుకి, కుట్టుకుని తృప్తి పడ్డాడు.

ప్రదర్శన రోజు వచ్చింది. రింగుల్లో బిగించిన చిలకలు, ఇచ్ఛాపురం వాళ్ళు గుడ్డముక్కలు అతికి కుట్టిన గొడుగు, పసిపిల్లల బొంతలు. జనార్దనరావు చేతులు వెనక్కి కట్టుకుని, ఇదంతా ఆడవాళ్ళ గోల అన్నట్టు మొహం పెట్టి తిరిగాడు. అయితే పనిముట్ల బల్ల దగ్గర గుడ్డ కత్తిరించే చక్రం కత్తి ఒకటి చూసి, దాని ముందు మరీ ఎక్కువసేపు నిలబడిపోయాడు.

చెల్లెలి గొప్ప చూడటానికి కృష్ణారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బొంత పరిచిన స్టేజీకి దూరంగా కుర్చీ వేసుకుని, పక్క కుర్చీలో ఉన్న బావ చెవిలో అన్నాడు.

"సిన్నప్పుడు సూది సూత్తే పారిపోయీది. ఎప్పుడు నేర్సింది బావా?"

"తుపాను తరవాత," అన్నాడు జనార్దనరావు. అందులో అబద్ధం సగమే.

అంతలో మాధవీలత మైకు అందుకుంది. "ఈ బొంత మీది కుట్టు మేమెవరం ఎక్కడా చూడలేదు. సత్యవేణి గారు ఇప్పుడు మన ముందే వేసి చూపిస్తారు," అని సూదీ దారం ఆవిడ చేతిలో పెట్టింది.

సత్యవేణి మొగుడి వంక చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు.

దారం సూది చుట్టూ ప్రదక్షిణలు చేసింది గానీ బెజ్జంలోకి పోలేదు. ఎవరో కళ్ళజోడు ఇచ్చారు. ముందు వరసలో నవ్వొకటి వినబడింది. సత్యవేణి చెవులు ఎర్రబడటం జనార్దనరావుకి అంత దూరం నుంచీ కనబడింది. ఆయనకి సిగ్గేసింది. లేచి చెప్పేద్దామని కుర్చీ చేతులు పట్టుకున్నాడు. పక్కన కృష్ణారావు దగ్గాడు. జనార్దనరావు కుర్చీ చేతులు వదిలేశాడు.

చివరికి దారం ఎక్కింది. సత్యవేణి ముడి వెయ్యకుండానే సూదిని పలుగు పట్టినట్టు పట్టుకుంది. బొంతంతా వదిలి, సరిగ్గా పనసచెట్టు మొదట్లోకి గురి పెట్టింది.

"అక్కడ కాదే, ఉండు."

కుర్చీ వెనక్కి పడింది. తాను అరిచినట్టు జనార్దనరావుకి తెలిసేసరికి స్టేజీ మీద ఉన్నాడు.

"ముడెయ్యకుండా సూది దించుతావేటి? సెట్టు పాడైపోద్ది కద."

మైకు ఆ మాటని మండపమంతా వినిపించింది. ఇంక వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆయన మీసం ఒకసారి తడుముకుని, కింద కూర్చుని, జేబులోంచి ఇత్తడి తొడుగు తీసి వేలికి పెట్టుకున్నాడు.

"ఈ బొంత నాను కుట్టినాను. మా ఆవిడ సీరలిచ్చింది, తిట్లు కూడా. అబద్ధం మాత్రం నాది," అన్నాడు.

"కుట్టు పేరేమిటండీ?" అంది మాధవీలత తేరుకుని.

"బస్తామూతి కుట్టమ్మా. మూతి బిగించినాక జీడిపిక్క ఒక్కటి కారదు. ఇప్పాలనుకుంటే కొస పట్టి లాగితే సర్రున మొత్తం ఊడొచ్చెత్తాది. అందుకే బొంతకి కొసని ముడి ఎయ్యాల."

నవ్వారు, నిజమే. కానీ కాసేపటికి ఆడవాళ్ళంతా ఆయన చుట్టూ కూర్చుని, ముడి ఎక్కడ, లూపు ఎటు అని అడుగుతున్నారు. సత్యవేణి కళ్ళజోడు తిరిగి ఇచ్చేసి హాయిగా కుర్చీలో చేరగిలబడింది. అంత బొంతలో ఆవిడ సూది పనస మీదికే ఎందుకు వెళ్ళిందో జనార్దనరావుకి అప్పుడు అనుమానం వచ్చింది.

కృష్ణారావు స్టేజీ ఎక్కాడు. జనార్దనరావు ఒళ్ళు బిగించుకున్నాడు. కానీ కృష్ణారావు బావని చూడలేదు, బొంతనే చూశాడు. వేలు పెట్టి ఒక్కో చెట్టే తడిమాడు.

"ఇది మా నూతికాడ కొబ్బరి. ఇది మెలితిరిగిన జీడి." వేలు ఆగింది. "పనస గట్టుకి ఇవతలెందుకుంది?"

"ఉన్నకాడే ఉంది."

"అది మాది బావా."

"ఏర్లు మా పక్కుండీవి."

"కాయలు మా పక్క కాసీవి."

ఎప్పుడో కూలి, పొయ్యిలోకి కూడా వెళ్ళిపోయిన చెట్టు కోసం ఇద్దరూ గొంతులు పెంచుకున్నారు. మొగాడు బొంత కుట్టడం గురించి కృష్ణారావు ఒక్క మాటా అనలేదు. విసురుగా దిగి వెళ్ళిపోయాడు. రేపట్నుంచి టీకొట్టు దగ్గర మొహం చూపించడానికి లేదనుకున్నాడు జనార్దనరావు.

తెల్లవారగానే కృష్ణారావు వీధిలోంచి వచ్చి, అరుగు మీద పేపరు పొట్లం పెట్టాడు. అందులో వెలిసిపోయిన ఆకుపచ్చ చీర ఉంది.

"అమ్మది. ఆ పనస అమ్మ సేత్తో నాటిందే. దీంతో కుట్టు," అన్నాడు.

తల్లి బొడ్డమ్మ చీర చూడగానే సత్యవేణి దాన్ని తీసుకుని మొహానికి ఆనించుకుంది.

జనార్దనరావు లోపలికి వెళ్ళి బొంత తెచ్చాడు. గడియ వెయ్యలేదు. వీధిలో పోయేవాళ్ళందరి ముందూ అరుగు మీదే పరిచాడు.

"ఏ పక్క కుట్టమంటావు?"

కృష్ణారావు నోరు తెరిచేలోపు సత్యవేణి అంది. "అమ్మ మొక్క నాటినప్పుడు అక్కడ గట్టే నేదు."

బావలిద్దరూ బొంత వంక చూశారు. జనార్దనరావు కత్తెర తీసుకున్నాడు. పనసని ముట్టుకోలేదు. గట్టు చివర ముడి దగ్గర దారం కత్తిరించి, కొసని బావ చేతికిచ్చాడు.

కృష్ణారావు లాగాడు. గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా సర్రున ఊడి వచ్చింది.

ఆయన ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ గొంతు సరిచేసుకున్నాడు.

"కొమ్మలు మాత్రం మా పక్కకి వంచు బావా," అన్నాడు.