రాయచోటక్కకు నేను చదివిన సన్మానపత్రం

కువైట్ వచ్చిన కొత్తలో, ఆ రోజుల్లో, నా అంత తెలుగు వచ్చినవాడు ఈ దేశంలో ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకం. షర్క్‌లో ఒక ఆఫీసులో పొద్దస్తమానం అరబ్బు పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం. వారమంతా లోపల అణచిపెట్టిన తెలుగు శుక్రవారం వచ్చేసరికి తన్నుకొచ్చేది. దాన్ని వాడుకోవడానికి మా సంఘం ఒకటి కాచుకుని ఉండేది. (ఏ సంఘమని అడక్కండి. ఇక్కడ నలుగురం కలిస్తే ఒక సంఘం, అందులో ఇద్దరికి మాటామాటా వస్తే రెండు.) అధ్యక్షుడు గోదావరి వైపు మనిషి. కార్గో కొట్టు నడిపేవాడు కాబట్టి అందరం కార్గో బాబాయ్ అనేవాళ్ళం. ఆయన ఆ ఏడు, దిక్కులేని పనివాళ్ళ కోసం నిలబడ్డ సేవామూర్తులకు సన్మానం చేద్దామన్నాడు. పదకొండు మందితో జాబితా తయారైంది. హాలు ఇప్పించినాయన, మైకు ఇప్పించినాయన, బిర్యానీ పంపుతానన్నాయన, ఆ బిర్యానీ ఆయన బావమరిది, ఇట్లా సాగింది. నిజంగా ఎవరి కోసమైనా నిలబడ్డ మనిషి ఒక్కరన్నా లేకపోతే నలుగురూ నవ్వుతారని వాదించి, పన్నెండో పేరు చేర్పించింది నేనే. ఈ పాపం ఇంకెవరి నెత్తినా రుద్దడానికి వీల్లేదు.

ఆ పన్నెండో మనిషి రాయచోటక్క. ఇళ్ళల్లో వంట చేసేది, మహబూలాలో ఒక చిన్న గదిలో ఉండేది. కొట్టే ఇళ్ళ నుంచీ, జీతమివ్వకుండా తాళం వేసి ఉంచే కఫీళ్ళ (వీసా ఇచ్చిన యజమానుల) ఇళ్ళ నుంచీ పారిపోయి వచ్చిన మన ఆడవాళ్ళు ఆమె గదిని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నాలుగు రోజులు దాచి, అన్నం పెట్టి, ఎంబసీ తలుపు దాకా తోడు వెళ్ళేది. అట్లా దాచడం ఇక్కడ నేరం. దొరికితే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది, వేలిముద్రలు తీసుకుని విమానమెక్కిస్తారు, మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టేది ఉండదు. ఊళ్ళో ఇద్దరు కూతుళ్ళు ఆమె సంపాదన మీదే చదువుకుంటున్నారు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ వారం ఆమె గదిలో అమలాపురం వైపు పిల్ల ఒకతి దాక్కుని ఉందనీ తెలుసు. వాళ్ళకు బియ్యం మూట మోసింది నేనే! ఇంత తెలిసీ ఆ పని చేశానంటే నా బుద్ధి గడ్డి తిన్నదనక ఏమనాలి?

సంగతి చెప్పగానే అక్క రొట్టెల పిండి కలిపే చెయ్యి ఆపేసింది. "నాకొద్దు నాయనా. నన్ను ఆ స్టేజీ యెక్కియ్యద్దు. నీకు దండం పెడ్తా" అంది. పోయి బాబాయ్‌కి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. "ఒరే అబ్బాయ్, నీకు బొత్తిగా లోకజ్ఞానం లేదురా. సన్మానమంటే వద్దనక, ఎగిరి గంతేసి రమ్మంటావేంటీ? వద్దనాలి. మనం లాక్కురావాలి. నాకు మొన్న చేసినప్పుడు నేనెన్నిసార్లు వద్దన్నాను? నాలుగుసార్లు!" అన్నాడు. నిజమే, అది మనవాళ్ళ పద్ధతి. మొదటి పిలుపుకే లేచి వెళితే ఆశపోతు అంటారు. ఆ లెక్కన అక్క ఎంత గట్టిగా వద్దంటే నాకు అంత ముచ్చటేసింది. ఎంత వినయం అనుకున్నాను. నిజంగా భయపడి వద్దనే మనిషి కూడా ఉంటుందని నాకు తట్టలేదు. నా వయసు ఇరవై నాలుగు, తలకాయ మాత్రం ఇంకా చిన్నది.

శుక్రవారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. పన్నెండు మందికి వచ్చినవి ఆరు శాలువాలు. ఒకరికి కప్పడం, ఫొటో తియ్యడం, వెనక నుంచి మెల్లగా లాగి మడతపెట్టి తర్వాతి వాళ్ళకు అందించడం. బిర్యానీ బావమరిది మాత్రం రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు, కాసేపు వేదిక మీద పెనుగులాట జరిగింది. చిట్టచివర అక్కను పిలిచారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని, "రాక్కా, సిగ్గుపడతావేందీ" అంటూ వెనక వరస నుంచి ఈడ్చుకొచ్చారు. ఒకడు ఫోనెత్తి సంఘం ఫేస్‌బుక్ పేజీలో లైవ్ పెట్టాడు. నేను గొంతు సవరించుకున్నాను.

మూడు రాత్రులు మేలుకుని రాసిన పత్రమది. "మహబూలా మహామాతా! కఫీళ్ళ కబంధహస్తాల నుంచి తప్పించుకు వచ్చిన అబలలను నీ గదిలో దాచి, కడుపున పెట్టుకుని కాపాడిన ఆపద్బాంధవీ! నేటికీ నీ నీడన ఒక ఆడబిడ్డ తలదాచుకుంటున్నదే!" అని ఎలుగెత్తి చదివాను. (ఎక్కడ, ఎవరిని, ఎట్లా అని పోలీసులు కూడా అంత విడమరిచి రాయరు.) అక్క కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నేనాగానా! "చూడండి, ఆనందబాష్పాలు!" అని మైకులో అరిచాను. హాలు దద్దరిల్లింది. అక్క నా చేతిలో మైకు లాక్కుని, "ఈయప్ప సదివిందంతా అబద్దం. నేనెవుర్నీ దాచిపెట్లే. నాకేమీ తెల్దు" అంది. ఆ వినయానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఛీ, ఇప్పటికీ ఆ చప్పట్లు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అక్క బిర్యానీ ముట్టలేదు. వేదిక దిగి అటునుంచటే టాక్సీ ఎక్కి, ఆ అమలాపురం పిల్లను రిగ్గైలో తెలిసిన నర్సమ్మ ఇంట్లో వదిలింది. పిల్ల ఆదివారం ఎంబసీకి చేరింది. అక్క గదికి మాత్రం సోమవారమే పోలీసులొచ్చి ఆమెను పట్టుకుపోయారు. లైవ్‌ను ఎవరో మనవాడే ఒక కఫీల్‌కు అరబ్బీలో విడమరిచి చెప్పాడట. నేను పరుగున కార్గో కొట్టుకు పోయాను. బాబాయ్ ముఖం నల్లబడింది. "ఆవిడెవరో మనకి తెలీదురా. ఆ ఫొటోలు, ఆ వీడియో తీసెయ్. పిల్లలు గలవాణ్ణి, నాకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. అక్కకూ పిల్లలున్నారు బాబాయ్ అనాల్సింది. అక్కడే కూర్చుని ఒక్కొక్కటే తీసేశాను. పదకొండు మంది సేవామూర్తులు మిగిలారు.

దేశం నుంచి పంపేసేవాళ్ళను ఉంచే చోటికి అక్క బట్టల సంచి తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. అద్దానికి అవతల ఆమె, ఇవతల ఫోను పట్టుకుని నేను. దారంతా రాసుకున్న క్షమాపణ ఒకటుంది, అందులోనూ పెద్ద పెద్ద మాటలే. మొదటి ముక్కకే ఏడ్చేశాను.

"పిల్లోళ్ళ సదువు యెట్లా అనేదే నా దిగులు. ఇంగ ఖలాస్, యేంజేస్తాం" అంది. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ కాయితం సదివినోడు యెవురు, వాడుగూడా దాచేటోల్లలో ఒగడా అని మూడుసార్లు అడిగిరి. వాడెవుడో తాగుబోతు, ఉత్తుత్తివి సదివినాడు, నాకు తెల్దంటి. ఒగ నెల ఆ హాలు దిక్కు పోవద్దు. ఎవురడిగినా బియ్యం మూట మాట ఎత్తొద్దు. ఇన్న్యావా?"

విన్నానని తలూపాను. నేను ఇప్పటికీ కువైట్‌లోనే ఉన్నాను, ఇఖామా ఏటేటా చక్కగా రెన్యూ అవుతోంది. ఆ అద్దం ముందు సంచి పట్టుకుని ఏడ్చిన కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేసి ఒక్కోసారి చిన్నగా నవ్వొస్తుంది. అక్క దాచిన వాళ్ళందరిలో ఆఖరివాణ్ణి నేనే.