తువ్వాలు కింద చెప్పిన ధర

మా తోటలోని తోతాపురి చెట్లన్నింటి మీద ఒట్టు: ఇందులో ప్రతి మాటా నిజం. నేను ఒట్టు పెడితే మా ఊళ్లో నవ్వుతారు. నవ్వనీండి.

మామిడి సాగు నా పని, కోతలు కోయడం నా సరదా. మా చెట్టుకు కాసిన ఒక్క కాయను దించడానికి క్రేను తెప్పించానని నేను చెప్పిన కథను మా అక్క కూతురు ఫోన్లో పట్టి లోకానికి వదిలింది. అలాంటివి ఎన్నో వదిలింది. దగ్గుతో సహా నా గొంతు చిత్తూరు దాకా తెలిసిపోయింది.

ఈ వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కొనే వ్యాపారి చెప్పిన ధర కోత కూలికి కూడా చాలదు. ధర పెంచేదాకా ఒక్క లారీ కదలకూడదని మేం రైతులమంతా మాట అనుకున్నాం. బేరం మాట్లాడే బాధ్యత నాది. ఒకరు జారినా అందరి పంటా వ్యాపారి ధరకే పోతుంది.

ఒక పొద్దున రైతుల ఫోన్ గ్రూపులో నా గొంతు వినిపించింది. "ధరకు ఒప్పుకున్నానప్పా, కాయలు లారీకి ఎత్తించేయండి." దగ్గు కూడా నాదే. నిద్రలో అన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

అక్క కూతురు విని తేల్చేసింది. నా కథలన్నీ ఎవరో యంత్రానికి వినిపించి ఉంటారట. ఎక్కడ గొంతు లేపుతానో, ఎక్కడ ఊపిరి పీలుస్తానో, ఏ మాట సాగదీస్తానో అది పట్టేస్తుందట. ఆ తర్వాత ఏం రాసిచ్చినా నాలాగే పలుకుతుందట. వీడియో కావాలంటే ఆ మాటలకు తగ్గట్టు నా బొమ్మ పెదవులు కూడా కదిలిస్తుందట.

"నోరు నీదే మామా, మాట వాళ్లది" అంది.

మండీకి పరిగెత్తాను. అప్పటికే లారీలోకి కాయలు ఎక్కుతున్నాయి. అది నేను కాదని మొత్తుకున్నాను. కాయ కోసం క్రేను తెచ్చినవాడిని ఎవరు నమ్ముతారు? మాలో పెద్దాయన తట్ట దించకుండానే అడిగాడు: "ఫోన్లో పలికిందీ నీ గొంతే, ఈడ పలికేదీ నీ గొంతే. ఏది నమ్మేదప్పా?"

నోరు మూసుకున్నాను. భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద చెయ్యి చాపాను. పలమనేరు వైపు పశువుల సంతల్లో బేరం అలాగే చేస్తారు. పైకి ఎన్ని కోతలైనా కోయవచ్చు. తువ్వాలు కింద వేళ్లు పట్టి చెప్పిన ధర మాత్రం తప్పకూడదు. తప్పినవాడి చెయ్యి మళ్లీ ఎవరూ పట్టుకోరు. పెద్దాయన చెయ్యి పెట్టాడు. మేమంతా అనుకున్న ధరనే ఆయన వేళ్ల మీద నొక్కాను.

ఆయన తట్ట కింద పెట్టాడు. "దించండ్రా. ఆ ఫోన్లోవాడికి గొంతుండాది గానీ చెయ్యి లేదు."

కాయలన్నీ దిగాయి. కోసినవి నిలవుండవు కదా, అవి మా ఆవులు తిన్నాయి.

యంత్రానికి మేత దొరక్కుండా పాత కథలన్నీ తీసేద్దామని అక్క కూతురు అంది. తీయనన్నాను. దొంగ వచ్చాడని వాకిలి లేకుండా ఇల్లు కట్టుకుంటామా? నా గొంతుతో అబద్ధాలు చెప్పే హక్కు నాది. ఆ సాయంత్రమే కొత్తది చెప్పాను, క్రేను చాలక సూళ్లూరుపేట వైపు నుంచి రాకెట్టు తెప్పించిన కథ.

మర్నాడు వ్యాపారి స్వయంగా మండీకి వచ్చి, తల వంచి, తువ్వాలు కింద చెయ్యి పెట్టి మా ధరకు ఒప్పుకున్నాడు.

నేను కల్పించింది ఈ చివరి వాక్యం ఒక్కటే. ఆయన ఇంకా రాలేదు. కాయలు చెట్ల మీదే పండుతున్నాయి. తువ్వాలు నా భుజం మీదే ఉంది.